చందమామను చూపిన వ్రేలు

శిశువునకు లోకజ్ఞానము మొదట ఏ ద్వారమున ప్రవేశించును? పెద్దల ఆజ్ఞవలననా, లేక పెద్దల ఆదరమువలననా? ఈ ప్రశ్న పైకి చూచుటకు తల్లులకును దాదులకును సంబంధించిన యింటి ముచ్చటవలె కనబడును. కాని బ్రహ్మసూత్రములలోని మొదటి అధికరణమున విశిష్టాద్వైత సిద్ధాంతము నిలద్రొక్కుకొనుటకు ఈ ప్రశ్నకు చెప్పిన సమాధానమే ఒక ఆధారమైనది. శ్రీభాష్యమును గురుముఖమున చదివినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. చదువని గృహస్థులును దీనిని ఎరుగదగును. మూడేండ్లు నిండని బిడ్డచేత పలకపై అక్షరములు దిద్దించి, బిడ్డ దిద్దకున్న దుఃఖించు తల్లిదండ్రులు నేడు ప్రతి వీధిలోను ఉన్నారు. వారి దుఃఖమునకు మందు ఈ శాస్త్రచర్చలో కొంత దొరకును.

మీమాంసకులలో ప్రభాకరుని మార్గమువారు చెప్పు మాట మొదట వినవలెను. ఒక పెద్దవాడు మరియొకనితో "ఆవును తెమ్ము" అనును. అతడు పోయి ఆవును తోలుకొనివచ్చును. ఇంకను మాటలు రాని బాలుడు ప్రక్కన నిలిచి ఇదంతయు చూచుచుండును. తరువాత "ఆవును కట్టుము" అను మాట వినబడును, ఆవు కట్టబడును. పిమ్మట "గుఱ్ఱమును తెమ్ము" అని వినబడును. ఈసారి వచ్చినది వేరొక జంతువు. ఏ పదము తొలగినప్పుడు ఏది మారినదో, ఏ పదము నిలిచినప్పుడు ఏది నిలిచినదో పోల్చుకొని బాలుడు ఒక్కొక్క పదమునకు అర్థమును విడదీసికొనును. ఈ క్రియకు ఆవాపోద్వాపములని పేరు. ఇంతవరకు వివాదము లేదు. కాని ఆ మతమువారు ఇక్కడ ఆగలేదు. బాలుడు మాటను నేర్చినది ఒకడు ఆజ్ఞాపించుటయు వేరొకడు ఆ పని చేయుటయు చూచి గదా. కావున మాటలకు సామర్థ్యము చేయవలసిన పనిని తెలుపుటయందే గాని, ఉన్న వస్తువును ఉన్నట్లు తెలుపుటయందు లేదని వారు నిర్ణయించిరి.

ఈ నిర్ణయమును అంగీకరించినచో కలుగు నష్టము సామాన్యము కాదు. పరబ్రహ్మము ఎవరో చేయవలసిన పని కాదు. ఎల్లప్పుడును ఉన్న వస్తువు. మాటలకు ఉన్నదానిని తెలుపు శక్తియే లేకున్న, ఉపనిషత్తులు శ్రీమన్నారాయణుని గూర్చి చెప్పినదంతయు ఏదో ఒక విధివాక్యమునకు తోకగా మిగిలిపోవును.

భగవద్రామానుజులు దీనికి చెప్పిన సమాధానము మిక్కిలి సరళమైనది. తల్లి, తండ్రి, బంధువులు బిడ్డకు వ్రేలితో చూపి అమ్మ, అయ్య, మేనమామ అనియు, చంద్రుడు, పశువు, మనుష్యుడు, మృగము, పక్షి, పాము అనియు మరల మరల చెప్పుదురు. బిడ్డ దానిని తెలిసికొనవలెనను తలంపు తప్ప వేరొక పని వారికి లేదు. చెప్పగా చెప్పగా, మాట వినబడినంతనే ఆ వస్తువు బిడ్డ బుద్ధిలో మెదలును. మాటకును వస్తువునకును వేరు చుట్టరికమేదియు కానరాదు. ఆ పేరు పెట్టినవాడెవడో కూడ తెలియదు. కావున ఆ వస్తువును తెలుపుటయే ఆ మాట స్వభావమని బిడ్డ గ్రహించును. తక్కిన మాటల అర్థములను అటుపిమ్మట పెద్దలవలన నేర్చి, తానును వాక్యములు కూర్చి పలుకును. సంప్రదాయము ననుసరించి క్రీ.శ. 1017 మొదలు 1137 వరకు ఈ భూమిపై నుండిన యతీంద్రులు, సన్న్యాసాశ్రమమున నుండియు, చంటిబిడ్డను ఇంత శ్రద్ధతో పరికించిరి. వేదాంతవాక్యములు ఉన్న పరమాత్మను ఉన్నట్లు తెలుపగలవనుటకు ఈ సందర్భమున వారు చూపిన మొదటి సాక్ష్యము, చందమామను చూపు తల్లి వ్రేలు.

ఇటీవలి శిశుమనశ్శాస్త్రము ఈ వ్రేలిని గూర్చి చాల పరిశోధించినది. తొమ్మిదవ నెల మొదలు సంవత్సరము నిండులోపల శిశువునందు ఒక మార్పు కలుగును. అంతకుముందు బొమ్మను చూచునప్పుడు బొమ్మనే, తల్లిని చూచునప్పుడు తల్లినే చూచుచుండిన బిడ్డ, ఇప్పుడు తల్లి చూచినవైపు తానును చూచి, మరల తల్లి ముఖమువంక చూచును. ఇద్దరును ఒక్కదానినే చూచుచున్నామను తెలివి అప్పుడు పుట్టును. కొలదికాలమునకు తానే వ్రేలు చాపును. 1975 లో ఎలిజబెత్ బేట్స్ అను విదుషియు ఆమె సహచరులును ఇట్లు చాపుట రెండు తెఱగులని చూపిరి. "అది నాకిమ్ము" అని కోరుట ఒకటి. "అదిగో, చూడుము" అని కేవలము చూపుట రెండవది. మొదటిదానిలో ప్రాభాకరుల విధియు, రెండవదానిలో శ్రీభాష్యకారుల నిర్దేశమును కనబడుట విద్వాంసులకు ముచ్చట గొలుపును. మనుష్యులవద్ద పెరిగిన చింపాంజీలు కావలసినదానికై చేయి చాపును గాని, తాము చూచి సంతోషించినదానిని ఎదుటివారితో పంచుకొనుటకై చూపుట వానియందు కానరాదని మైకేల్ టొమసెల్లో మొదలగువారి యభిప్రాయము. మిద్దెపై వ్రాలిన కాకిని చూచి బిడ్డ చేయి చాపి తల్లి ముఖమును చూచుట ఇట్లు మనుష్యజన్మకు గురుతగుచున్నది. ఆ క్షణమున తల్లి "అవును, కాకి" అన్నచో ఒక మాట బిడ్డ సొత్తగును. తల్లి దృష్టి వేరొకచోట నున్నచో ఆ మాట ఆనాటికి పోవును.

ప్రాభాకరులను పూర్తిగా త్రోసివేయ నక్కరలేదు. శ్రీమద్భాగవత దశమస్కంధమున గోపికలు చిన్నికృష్ణునకు పనులు చెప్పగా స్వామి పీటను, కుంచమును, పాదుకలను మోసికొనివచ్చుట వర్ణింపబడినది. పని చెప్పి మాట నేర్పుట లేని యిల్లు లేదు. అయితే గోపికలకు కావలసినది పీట కాదు. దానిని మోయలేక మోయు బాలుని చూచుట. అట్టి ఆజ్ఞ ఆజ్ఞారూపమున నున్న లాలనయే.

మాటకు ముందు కదలిక కలదు. శ్రీవిల్లిపుత్తూరున వెలసిన పెరియాళ్వారులు యశోదాభావమున తమ తిరుమొழిలో బాలకృష్ణుని పెంచిన క్రమమును ఈ దృష్టితో చూచినవారు అరుదు. తొట్టెలో జోలపాట, తరువాత చందమామను పిలుచుట, తరువాత చేతులును మోకాళ్ళును నేల నాని ఊగు చెంగీరై, తరువాత చప్పట్లు కొట్టు చప్పాణి, అటుపై తడబడు అడుగుల తళర్‌నడై, ఆ మీద పరుగున వచ్చి ముందునుండియు వెనుకనుండియు కౌగిలించుకొనుట. ఒక్కొక్కదానికి ఒక్కొక్క దశకముగా ఆళ్వారులు పాడిరి. ఇందు చందమామను పిలుచుచోట, బాలుడు తన చిన్ని చేతితో చంద్రుని మాటిమాటికి చూపి పిలుచుచున్నాడని చెప్పుట విశేషము. వ్రేలు తల్లిది మాత్రమే కాదు, బిడ్డది కూడ. రెండు వ్రేళ్ళును ఒక్క చంద్రునివైపు సాగినచోటనే భాష పుట్టుచున్నది.

తెలుగు లోగిళ్ళలో ఈ క్రమమును పిండివంటలతో గుర్తుంచుకొనిరి. బోర్లపడినప్పుడు బొబ్బట్లు, అడుగులు వేసినప్పుడు అరిసెలు, పలుకులు వచ్చినప్పుడు పంచదార చిలుకలు పంచుట పెద్దలెరిగినదే. ఈ వేడుకలకు ముహూర్తము ముందుగా పెట్టుటకు వీలులేదు. బిడ్డ బోర్లపడిన దినమే పండుగ దినము. ప్రక్కయింటి బిడ్డ నెల ముందుగా నడచెనని ఈ యింట అరిసెల పాకము చెడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 లో ప్రకటించిన పరిశీలనయు దీనికి అనుకూలముగనే యున్నది. భారతదేశము, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశములలో 816 మంది శిశువులను పరిశీలింపగా, ఆరోగ్యవంతులైన పిల్లలు ఊతము లేక కూర్చుండుట 3.8 నెలలు మొదలు 9.2 నెలల లోపలను, ఒంటరిగా నడచుట 8.2 నెలలు మొదలు 17.6 నెలల లోపలను జరుగుచున్నట్లు తేలినది. తొమ్మిదవ నెలలో నడచినవాడును, పదునేడవ నెలలో నడచినవాడును ఆరోగ్యవంతులే. నూటికి నలుగురు చేతులు మోకాళ్ళు ఆనించి ప్రాకకయే లేచి నడచిరి.

పూర్వులు ఈ విషయమున తొందరను స్పష్టముగా నిషేధించిరి. సుశ్రుతుడు శారీరస్థానమున శిశువును అకస్మాత్తుగా మేల్కొలుపరాదనియు, బెదరింపరాదనియు, గూని కలుగునను భయముచేత కాలము రాకముందు కూర్చుండబెట్టరాదనియు చెప్పెను. చరకుడు ఆటవస్తువులను గూర్చి చెప్పినది నేటి బొమ్మల అంగళ్ళవారు వ్రాసి గోడకు అంటించుకొనదగినది: అవి చిత్రవిచిత్రములై, శబ్దము చేయునవై, ఇంపైనవై, తేలికయైనవై ఉండవలెను, వాడి మొనలు ఉండరాదు, నోటిలో దూరునంత చిన్నవి కారాదు, ప్రాణమునకు ముప్పు తేరాదు, భయము కలిగింపరాదు. ఏడ్చిన బిడ్డను, తినని బిడ్డను రాక్షస పిశాచముల పేరు చెప్పి జడిపింపరాదనియు ఆయనయే చెప్పెను. బూచివానిని పిలిచి అన్నము తినిపించు అలవాటు ఎంత పాతదో, దానిని తప్పని చెప్పుటయు అంత పాతదే.

అయినను ఓపికకును ఉపేక్షకును భేదము కలదు. ఏడాది గడచినను పాదములతో నడువని బిడ్డను కాశ్యపసంహిత ఫక్కుడని పేర్కొని, చికిత్సను విధించి, నడక నేర్చుటకు మూడు చక్రముల బండిని చేయించుమని చెప్పినది. గ్రామములలో వడ్రంగులు చేసి యిచ్చు మూడు చక్రముల నడకబండి ఆ వంశములోనిదే యని తోచును. నేటి వైద్యుల లెక్కలో కొంత యెడము ఎక్కువ యున్నను, పదునెనిమిది నెలలు నిండియు నడువని బిడ్డను, ఏడాది దాటియు పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడని బిడ్డను వైద్యునకు చూపక "మా యింటివారందరు ఆలస్యముగనే నేర్చిరి" అని కూర్చుండుట ప్రేమ కాదు.

కదలికకును ఆలోచనకును గల సంబంధము మరింత లోతైనది. ప్రాకు బిడ్డ స్తంభము వెనుకకు పోయి అచ్చట దాగిన గిన్నెను కనుగొనును. కంటికి కనబడనిది లేకపోలేదని అతడు మోకాళ్ళతో నేర్చును. జెనీవా నగరమున జీన్ పియాజే (1896 - 1980) తన ముగ్గురు బిడ్డలను పరిశీలించి, గుడ్డ క్రింద దాచిన వస్తువును వెదకుట శిశువునకు సుమారు ఎనిమిదవ నెలవరకు తోచదని వ్రాసెను. ఆ జ్ఞానము ఇంకను ముందే అంకురించునని తరువాతివారు కొందరు ప్రయోగములతో చూపిరి గాని, వెదకుటకు చేయి సాచుట మాత్రము ఆ కాలముననే. తల్లి కొంగు చాటున ముఖము దాచి "ఏదీ అమ్మ?" అని అడిగి, కొంగు తొలగించి నవ్వు ఆటకు ఇంత అర్థమున్నది. కనబడకున్నను అమ్మ ఉన్నది, మరల కనబడును అను నమ్మకము ఈ ఆటలో గట్టిపడును. గర్భాలయమున తెర వేసినప్పుడు భక్తులు కన్నులు మూసికొని నిలుచుట ఈ నమ్మకముతోనే గదా.

నైయాయికులు ఇంకొక మెట్టు వెనుకకు పోయిరి. అప్పుడే పుట్టిన బిడ్డ నవ్వుట, బెదరుట, ఏడ్చుట, ఎవ్వరును నేర్పకయే స్తన్యమును కోరుట చూచి, ఇవి పూర్వాభ్యాసము యొక్క స్మృతివలన కలుగుచున్నవని గౌతముడు న్యాయసూత్రముల మూడవ అధ్యాయమున వాదించెను. తామర విచ్చుకొనుటవలె, ఇనుము అయస్కాంతమువైపు కదలుటవలె ఇది యేల కారాదని పూర్వపక్షి అడుగుటయు, దానికి సమాధానమును అక్కడనే కలవు. జన్మాంతరమును నమ్మువారు ఈ వాదమునుండి ఇంటికి తెచ్చుకొనవలసినది ఒకటి కలదు: బిడ్డ వ్రాయని పలక కాదు. తనదైన వాసనలతో వచ్చినవాడు. ఒకడు శబ్దమునకు ముందు తిరుగును, ఒకడు రంగునకు. ఒకడు పదినెలలకే పలుకును, ఒకడు రెండేండ్లవరకు మౌనముగా అన్నిటిని వినుచుండును.

ఇక్కడ ధర్మప్రశ్న తలయెత్తును. అట్టి బిడ్డ ఎవరి సొత్తు? విశ్వజిద్యాగమున యజమానుడు తన సర్వస్వమును దక్షిణగా ఈయవలెను. "స్వ" శబ్దమునకు తనవారైన తండ్రి మొదలగు బంధువులును అర్థమే కావున వారిని కూడ ఈయవలెనా అని జైమిని ఆరవ అధ్యాయమున చర్చకు తెచ్చెను. ఎవనిపై తనకు స్వామిత్వము లేదో వానిని ఈయరాదని సిద్ధాంతము. యాజ్ఞవల్క్యస్మృతియు దానయోగ్యమైన ధనమును చెప్పుచు భార్యను, బిడ్డను మినహాయించినది. ఈయరానిది పూర్తిగా తనది కాదు. శ్రీవైష్ణవ దృష్టిలో ఈ మాట మరింత తేటపడును. జీవుడు శేషుడు, భగవానుడు శేషి. తల్లిదండ్రులవద్ద బిడ్డ ఉన్నది నిక్షేపముగా. దాచుమని ఇచ్చిన నగను తన అలంకారమునకు వాడుకొనువానిని లోకము ఏమనునో అందరెరిగినదే.

హిరణ్యకశిపుని కథ ఈ దృష్టితో చదువదగినది. ఆయన దుర్మార్గుడే గాని, కుమారుని చదువునెడ అశ్రద్ధ గలవాడు కాడు. చండామర్కులవద్ద చదువబెట్టెను, తొడపై కూర్చుండబెట్టుకొని నేర్చినదానిలో మేలైనది చెప్పుమని ముద్దుగా అడిగెను. ఆ తొడపైననే చిక్కు వచ్చినది. ప్రహ్లాదుడు తండ్రి వినగోరినది చెప్పలేదు. తనలో పండినది చెప్పెను. మొదటిసారి తండ్రి నవ్వి ఊరకొనెను. రెండవసారి అదే తొడపైనుండి నేలకు విసరివేసెను. చుట్టములు వచ్చినప్పుడు బిడ్డను నడియింట నిలువబెట్టి పాఠములు అప్పగింపుమని, తడబడినంతనే ముఖము చిన్నబుచ్చుకొను తండ్రికిని ఆ అసురచక్రవర్తికిని పోలిక చెప్పుట కఠినముగా తోచవచ్చును. కాని బిడ్డకు తెలియునది ముఖము చిన్నబోవుటయే. ఎంత చిన్నబోయినదను కొలత బిడ్డకు తెలియదు.

ఇక అక్షరము సంగతి. నడకవలె, మాటవలె చదువు తనంత తాను రాదు. వ్రాత మనుష్యజాతికి కొలది వేల సంవత్సరముల క్రిందటనే అబ్బినది. దానికై పుట్టుకతో వచ్చిన అవయవము లేదు. వస్తువులను, ముఖములను గుర్తించుటకు మెదడులో ఎడమవైపు క్రిందిభాగమున నున్న చోటే అక్షరములను గుర్తించుటకు క్రొత్తగా అలవరచుకొనునని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు స్టానిస్లాస్ డెహేన్ చూపెను. ఇందొక చిక్కు కలదు. ఆవు కుడివైపు తిరిగినను ఆవే, ఎడమవైపు తిరిగినను ఆవే యని ఆ చోటు పుట్టుకనుండి నేర్చినది. అక్షరమునకు ఆ స్వేచ్ఛ లేదు. ఆంగ్లములోని చిన్నబడి బి తిరుగబడిన డి అగును. పిల్లలు అక్షరములను అద్దములో చూచినట్లు త్రిప్పి వ్రాయుట అందుచేతనే. అది తెలివితక్కువ కాదు, మునుపటి తెలివి ఇంకను విడువకపోవుట. దానికి చేతిపై దెబ్బ వేయుట ఎంత అన్యాయమో చెప్పనక్కరలేదు.

తెలుగు లిపి మరింత ఓపికను కోరును. పకార షకారములకు, వకార మకారములకు గల భేదము ఒక చిన్న గీతలోనో, ఒక వంపులోనో ఉన్నది. ఒక్కొక్క హల్లునకు గుణింతము, దానిపై వత్తులు. తోబుట్టువైన కన్నడ లిపిని నేర్చు బాలురను గూర్చి సోనాలి నాగ్ 2007 లో ప్రకటించిన పరిశోధనలో అక్షరములన్నియు పట్టుబడుటకు ఆంగ్ల వర్ణమాలకంటె చాల ఎక్కువ కాలము, కొన్ని తరగతుల కాలము పట్టునని తేలినది. ఆంగ్లదేశమున ఇరువదియారు అక్షరములతో సరిపెట్టుకొను బిడ్డతో పోల్చి తెలుగు బిడ్డ వెనుకబడెననుట లెక్క తెలియనివారి మాట.

పూర్వులు అక్షరమునకు తొందరపడలేదు. వేదము చెవినుండి నోటికి వచ్చినది. తైత్తిరీయ శీక్షావల్లి పేర్కొన్న వర్ణము, స్వరము, మాత్ర, బలము మొదలగునవి అన్నియు వినికిడికి సంబంధించినవి. వ్రాసినది చూచి పఠించువానిని పాణినీయశిక్ష అధమపాఠకులలో చేర్చినది. కౌటిల్యుడు చౌలమైన తరువాత లిపియు లెక్కయు నేర్పుమనెను. కాళిదాసు రఘువునకు ఆ క్రమమునే చెప్పెను. అక్షరారంభమునకు ఐదవ సంవత్సరమును తరువాతి నిబంధనకారులు పేర్కొనిరి. నేడు బాసర జ్ఞానసరస్వతీ సన్నిధిలోను, ఇతర క్షేత్రములలోను మూడవయేటనే అక్షరాభ్యాసము చేయించువారు పలువురున్నారు. అందు దోషము లేదు. అది దేవతానుగ్రహమును కోరు సంస్కారము. ముహూర్తమున దిద్దిన మూడక్షరములను మరునాటినుండి మూడు గంటల శిక్షగా మార్చినప్పుడే దోషము.

ఇక్కడ ఒక పూర్వపక్షము. లేత బుద్ధికి ధారణ ఎక్కువ. నాలుగేండ్లకే అమరమును అప్పగించు బిడ్డలు పండిత గృహములలో ఉండిరి గదా. అక్షరము మాత్రమేల రాదు? దీనికి సమాధానము: అమరము వచ్చినది చెవి ద్వారమున, తాత వెంట నడచుచు, ఆయన స్వరముతో స్వరము కలిపి. చెవికి ఆ వయస్సు తగినది. పైగా ఆ వినికిడియే రేపటి చదువునకు పునాది. 1983 లో బ్రాడ్లీ, బ్రయంట్ అను ఆంగ్ల పరిశోధకులు, నాలుగైదేండ్ల వయస్సున ప్రాసలను, మొదటి అక్షరముల సామ్యమును గుర్తింపగల పిల్లలు తరువాత చదువునందు ముందుందురని చూపిరి. యతి ప్రాసలు తొణికిసలాడు జోలపాటలు, చెమ్మచెక్క పాటలు గల భాషలో పుట్టిన బిడ్డకు ఈ పునాది ఉచితముగా లభించుచున్నది. దానిని మాన్పించి పుస్తకమిచ్చుట, పునాది త్రవ్వక గోడ కట్టుట వంటిది. ఇక ముందు నేర్చినవానికి కలుగు లాభమేమి? న్యూజిలాండులో ఐదవయేట చదువ మొదలిడినవారిని, ఏడవయేట మొదలిడినవారిని పోల్చి చూడగా, పదునొకండవ యేడు వచ్చుసరికి వెనుకవారు ముందువారిని కలిసికొనిరని సెబాస్టియన్ సుగేట్ అను పరిశోధకుడు 2013 లో ప్రకటించెను. ఫిన్లాండు దేశమున బడి చదువు ఏడవయేట మొదలగును. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో చేర్చుకొనుటకు బిడ్డను పరీక్షించి ఏరుటను, కొట్టుటను నిషేధించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము మొదటి తరగతిని ఆరేండ్ల వయస్సునకు ఉంచి, అంతకుముందు ఆటపాటలనే చెప్పినది.

చేతిని మాత్రము మరువరాదు. బియ్యపు పళ్ళెములో బిడ్డ చూపుడు వ్రేలిని పట్టి దిద్దించుట, వీధిబడులలో ఇసుకపై వ్రాయించుట అక్షరమును కంటికంటె ముందు కండరమునకు పరిచయము చేయుటయే. పదునెనిమిదవ శతాబ్ది చివర చెన్నపట్నమున అనాథశాలను నడపిన ఆండ్రూ బెల్, నాటు బడి పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి మెచ్చి, ఆ పద్ధతిని 1797 లో గ్రంథరూపమున ఇంగ్లండుకు తెలియజేసెను. 1907 లో రోము నగరమున శిశుగృహమును తెరచి, 1939 లో అడయారునకు వచ్చి కొన్ని సంవత్సరములు ఈ దేశమున ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చిన మారియా మాంటిసోరి కూడ గరుకు కాగితపు అక్షరములపై వ్రేలు నడిపించెను. ఇసుకయు బియ్యమును ఇంకొక గుణము గలవి: తప్పు నిలువదు. అరచేతితో సవరించినంతనే పళ్ళెము మరల క్రొత్తదగును.

చందమామను చూపవలసిన వ్రేలు నేడు మరియొక పనిలో చిక్కినది. అన్నము తినిపించునప్పుడు, ఏడ్పు మాన్పునప్పుడు బిడ్డ చేతికి మొబైలు ఫోను ఇచ్చుట సామాన్యమైపోయినది. ఏడాది లోపు శిశువునకు తెరను చూపనే రాదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు ఒక గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లో చెప్పినది. ఆ తెరలోను చంద్రుడు ఉన్నాడు, పక్షి ఉన్నది, పాము కూడ ఉన్నది. వాని పేర్లు చక్కగా ఉచ్చరించు కంఠమును ఉన్నది. కాని బిడ్డ వ్రేలు చాపి వెనుదిరిగి చూచునప్పుడు అక్కడ ముఖము లేదు. శ్రీభాష్యకారులు వర్ణించిన బోధలో పేరు, వస్తువు మాత్రమే కాక, ఈ బిడ్డ తెలిసికొనవలెనని కోరు ఒకరు కూడ ఉన్నారు.

భాగవతమున బాలకృష్ణుడు ముందు గోకులపు బురదలో అన్నతోకూడ మోకాళ్ళపై ప్రాకెను. తరువాత దూడల తోకలు పట్టి లేచెను, పాదుకలు మోసెను, దూడలను కాచెను, పిమ్మట ఆవులను. ఉపనయనమైన తరువాతనే అవంతీపురమున సాందీపని వద్దకు పోయి, అరువదినాలుగు దినములలో అరువదినాలుగు కళలను గ్రహించెను. స్వామి సర్వజ్ఞుడు కావున ఎప్పుడు చదివినను ఒకటే యని కొందరు అందురు. సర్వజ్ఞునకు ప్రాకవలసిన పని మాత్రము ఏమున్నది? అయినను ప్రాకెను, ఆ మువ్వల చప్పుడు తానే విని, ఎవరో వచ్చుచున్నారని వెనుదిరిగి, తల్లివద్దకు పోయెను.